గుండెకు దారి

పెన్షన్ రోజున బ్యాంకు వరండాలో కలిసే మన మిత్రులలో స్టెంటు వేయించుకున్నవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ దారి మొదట వేసినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ యువ డాక్టరు. 1929లో తన మోచేతి సిర గుండా 65 సెం.మీ. గొట్టాన్ని గుండెలోకి తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచివెళ్ళాడు. పై అధికారి వద్దన్నా వినలేదు! (మన సర్వీసులో అయితే మెమో వచ్చేది.) 1956లో నోబెల్ బహుమతి వచ్చింది.

1977లో జ్యూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ గొట్టం చివర బెలూన్ ఉబ్బించి, సన్నబడిన గుండె ధమనిని తెరిచాడు. రంగుమందు ఎక్కించగానే ఎక్స్‌రే తెరమీద ధమనులు చెట్టుకొమ్మల్లా కనబడతాయి. అది చూస్తూ మిల్లీమీటరులో మూడోవంతు మందం గల తీగను ముందు పంపుతారు. దానిమీదుగానే బెలూన్, స్టెంటు వెళ్తాయి.

1990లలో హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం గార్లు కలిసి తక్కువ ధరలో దేశీయ స్టెంటు తయారుచేయించారు. కాని అక్కడికి చేరాలి గదా! కరీంనగర్ నుండి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుండి 300. నొప్పి మొదలైన తొలి గంటలే కీలకం; అవి బస్సులోనే గడిచిపోయేవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల ఖర్చు భరించింది. ఇప్పుడు కరీంనగర్‌లోనే ఈ చికిత్స జరుగుతున్నది.