జావా చిక్కుల వెనుక ఉన్న చరిత్ర

జావా నేర్చుకోవడం మొదలుపెట్టిన మొదటి వారంలోనే చాలామందికి నిరుత్సాహం కలుగుతుంది. పుస్తకంలో ఉన్న ప్రోగ్రామును అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తారు. అయినా అది నడవదు. తెర మీద అర్థంకాని సందేశం ఒకటి వస్తుంది. "ఈ సబ్జెక్టు నాకు రాదు" అని అక్కడితో వదిలేసేవాళ్లు ఉన్నారు. వదిలేసే ముందు ఒక్క సంగతి గమనించండి. ఆరంభంలో ఎదురయ్యే ఈ చిక్కుల్లో చాలావాటికి కారణం మీ తెలివితేటల్లో లేదు, జావా పుట్టి పెరిగిన తీరులో ఉంది. ఆ చరిత్ర తెలిస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవడం తేలికవుతుంది.

1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో 'గ్రీన్ ప్రాజెక్ట్' పేరుతో ఒక చిన్న బృందం పని ప్రారంభించింది. జేమ్స్ గోస్లింగ్, మైక్ షెరిడన్, ప్యాట్రిక్ నాటన్ అందులో ముఖ్యులు. ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలకు పనికొచ్చే భాష కోసం వాళ్లు చూశారు. ఒక్కో పరికరంలో ఒక్కో రకం చిప్ ఉంటుంది. ప్రతి చిప్ కోసం ప్రోగ్రామును మళ్లీ తయారు చేయాలంటే ఎలా? అందుకే పనిని రెండు అంచెలుగా విడదీశారు. మనం రాసినదాన్ని 'జావాసి' అనే కంపైలర్ బైట్‌కోడ్‌గా మారుస్తుంది. ఆ బైట్‌కోడ్‌ను ఆయా యంత్రాల్లో ఉండే వర్చువల్ మెషీన్ నడుపుతుంది. మొదట 'ఓక్' అని పిలిచిన ఈ భాష 1995 మే నెలలో జావా పేరుతో వెలుగులోకి వచ్చింది. 1996 జనవరిలో జేడీకే 1.0 విడుదలైంది.

అంచెలు రెండు కాబట్టి తప్పు జరగడానికి చోట్లు కూడా రెండు. 'జావాసి' అనే ఆదేశమే తెలియదని కంప్యూటర్ అంటే, మీ ప్రోగ్రామును అది ఇంకా చదవనే లేదు. జేడీకేలోని 'బిన్' ఫోల్డరు చిరునామా 'పాత్'లో ఉందో లేదో చూడండి. కంపైల్ అయ్యాక క్లాస్ దొరకలేదని అంటే అది రెండో అంచెలోని చిక్కు. వర్చువల్ మెషీన్ క్లాసులను ప్రోగ్రాము నడిచే సమయంలో పేరును బట్టి వెతుకుతుంది. ఎక్కడ వెతకాలో 'క్లాస్‌పాత్' చెబుతుంది. క్లాస్‌పాత్ ఏదీ పెట్టకపోతే మీరున్న ఫోల్డరులో వెతుకుతుంది. వేరే సాఫ్ట్‌వేర్ కోసం ఎవరో క్లాస్‌పాత్ పెట్టి, అందులో మీ ఫోల్డరును చేర్చకపోతే, కళ్లెదుటే ఉన్న ఫైలు కూడా దానికి కనిపించదు!

క్లాస్ ఫైలు వెర్షన్ సరిపోలేదనే సందేశం కూడా ఇలాంటిదే. అందులో కనిపించే అంకెలోంచి 44 తీసేయండి. 55 అంటే జావా 11, 61 అంటే జావా 17. కొత్త కంపైలర్ తయారు చేసినదాన్ని పాత వర్చువల్ మెషీన్‌తో నడపబోయారన్నమాట. కంప్యూటర్‌లో రెండు జావాలు ఉన్నచోట ఇది తరచూ జరుగుతుంది.

ఇప్పుడు తెర మీది బొమ్మల సంగతి చూద్దాం. మొదటి జేడీకేలో విండోలు, బటన్లు గీయడానికి 'ఏడబ్ల్యూటీ' ఉండేది. అది బటన్‌ను తాను గీయదు, ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. ఫలితంగా ఒకే ప్రోగ్రాము విండోస్‌లో ఒకలా, మరోచోట మరోలా కనిపించేది. అన్ని సిస్టమ్‌లలోనూ ఉండే కొద్దిపాటి వస్తువులే అందులో దొరికేవి. ఈ లోటు తీర్చడానికి సన్, నెట్‌స్కేప్ సంస్థలు చేతులు కలిపాయి. 1998 డిసెంబరులో వచ్చిన జేడీకే 1.2లో 'స్వింగ్' భాగమైంది. స్వింగ్ తన బటన్లను తానే గీసుకుంటుంది.

స్వింగ్‌లో గీయడం, మౌస్ నొక్కులకు స్పందించడం రెండూ ఒకే థ్రెడ్ మీద సాగుతాయి. ఒకే కౌంటరు ఉన్న రైల్వే స్టేషన్‌ను ఊహించుకోండి. కిటికీ దగ్గర ఒకాయన అరగంట తీసుకుంటే వరుస మొత్తం ఆగిపోతుంది. బటన్ నొక్కగానే పెద్ద లెక్క మొదలుపెడితే మీ విండో బిగుసుకుపోయేది ఇందుకే. పెద్ద పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించాలి. ఇంకొక సందేహం కూడా చాలామందికి వస్తుంది. విండో మూసినా ప్రోగ్రాము ఎందుకు ఆగదు? జేఫ్రేమ్‌లో మూసివేత మీట విండోను దాచిపెడుతుందే తప్ప ప్రోగ్రామును ఆపదు. ఆపమని మనమే విడిగా చెప్పాలి.

ఈ పనులన్నీ ఒకేచోట జరిగేలా చేసిన పరికరాలకూ ఒక చరిత్ర ఉంది. 1996లో ప్రాగ్ నగరంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైనదే తర్వాత 'నెట్‌బీన్స్' అయింది. సన్ దాన్ని 1999లో కొని, 2000లో ఓపెన్ సోర్స్ చేసింది. 2001లో ఐబీఎమ్ 'ఎక్లిప్స్'ను అందించింది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపొందిన 'బ్లూజే' మన ఐసీఎస్‌ఈ విద్యార్థులకు పరిచయమైనదే. ఇవి పాత్‌ను, క్లాస్‌పాత్‌ను మన కంట పడనివ్వవు. అది సౌకర్యమే. కానీ ఏదైనా చెడినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియకపోవడానికీ అదే కారణం. అప్పుడు ప్రోగ్రామును నోట్‌ప్యాడ్‌లో పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపి చూడండి. అక్కడ నడిస్తే పరికరం సెట్టింగులను అనుమానించండి. అక్కడా అదే తప్పు వస్తే మీ ప్రోగ్రామును పరిశీలించండి.

పాత పుస్తకంతో చదివేవారికి మరో హెచ్చరిక. 2010లో సన్ సంస్థ ఒరాకిల్‌లో కలిసింది. తర్వాతి ఏళ్లలో జావా నుంచి కొన్ని భాగాలు బయటకు వెళ్లాయి. 2018లో వచ్చిన జేడీకే 11లో యాప్లెట్ వ్యూయర్ లేదు. జావా ఎఫ్ఎక్స్ అదే సంవత్సరం జేడీకే నుంచి విడిపోయింది. కాబట్టి యాప్లెట్ పాఠం మీ కంప్యూటర్‌లో నడవకపోతే గంటల తరబడి పాత్‌ను సరిచేస్తూ కూర్చోకండి. అక్కడ పాతబడింది పాఠమే.

మొదటి మెట్టు కష్టంగా ఉందని జావాను తీర్చిదిద్దేవారూ గుర్తించారు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో క్లాస్ ప్రకటన లేకుండానే తొలి ప్రోగ్రాము రాయవచ్చు. దాదాపు ముప్ఫై ఏళ్లుగా ప్రతి విద్యార్థీ మోసిన భారం అలా కొంత తగ్గింది.

ఈ పాఠం చదివాక ఒక చిన్న ప్రయోగం చేయండి. సరిగ్గా నడుస్తున్న ప్రోగ్రామును తీసుకుని కావాలనే పాడుచేయండి. ఒకసారి ఫైలు పేరు మార్చండి, ఒకసారి క్లాస్‌పాత్‌ను తప్పుగా ఇవ్వండి. వచ్చిన సందేశాలను నోటుపుస్తకంలో రాసుకుని, పక్కనే కారణం రాయండి. అదే సందేశం పరీక్ష రోజున ల్యాబ్‌లో ఎదురైతే మీ చేయి వణకదు. ముందు ఏ అంచెలో ఆగిందో చూస్తారు, తర్వాత కారణం వెతుకుతారు.