సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమ

సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమ తెలంగాణ రాష్ట్రంలోని ప్రధాన వస్త్రోత్పత్తి కేంద్రాలలో ఒకటి. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల పట్టణం, 2016 అక్టోబరు 11న ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాకు ముఖ్యపట్టణం. ఇదే జిల్లాలోని వీర్నపల్లి మండలం కూడా ఆ పునర్వ్యవస్థీకరణలోనే ఏర్పడినది. పట్టణంలోను, పరిసర గ్రామాలలోను పాతిక వేలకు పైగా మరమగ్గాలు కలవు. స్థానికంగా వీటిని సాంచాలు అంటారు. అధిక భాగం సాంచాలపై పాలిస్టర్ వస్త్రం, కొన్నింటిపై నూలు వస్త్రం తయారవుతుంది.

ఉత్పత్తి విధానం

నూలు కొని, తయారైన బట్టను అమ్ముకొనేవారు యజమానులు. వారి నుండి నూలు తీసుకొని తమ సాంచాలపై కూలికి నేసి ఇచ్చేవారిని ఆసాములు అంటారు. సాంచాలు నడిపే కార్మికులకు నెల జీతం ఉండదు. నేసిన బట్ట కొలతను బట్టి కూలి లభిస్తుంది. భీములు నింపేవారు, కండెలు చుట్టేవారు కూడా ఈ పనిపైనే ఆధారపడతారు. కనుక సాంచాలు ఆగిన రోజున వీరందరి రాబడీ ఆగిపోతుంది. పరిశ్రమకు విద్యుత్తును 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) అందిస్తుంది.

1990వ, 2000వ దశకాలలో గిరాకీ లేమి, అప్పుల భారం వలన ఇక్కడ అనేకమంది నేత కార్మికులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పని కోసం భీవండి, సూరత్ వంటి పట్టణాలకు వలస వెళ్ళినవారు ఎందరో ఉన్నారు.

ప్రభుత్వ కొనుగోళ్ళు

2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీని ప్రారంభించినది. వ్యవధి చాలనందున ఆ సంవత్సరం చాలా చీరలను సూరత్ నుండి తెప్పించారు. తరువాతి సంవత్సరాలలో ఈ పని ప్రధానంగా సిరిసిల్లకు లభించినది. ఏటా సుమారు కోటి చీరలు, దాదాపు 300 కోట్ల రూపాయల విలువ గల ఈ పని వలన సంవత్సరంలో కొన్ని నెలలపాటు ఉపాధి నిలకడగా ఉండేది.

అయితే ఒకే కొనుగోలుదారుపై ఆధారపడుట వలన, బడ్జెట్ కేటాయింపులలోను, చెల్లింపులలోను వచ్చే మార్పు నేరుగా కార్మికుల కూలిపై పడుతుంది. పాత బకాయిలు అందక, కొత్త పని లేక 2024 జనవరిలో యజమానులు ఉత్పత్తి నిలిపివేశారు. ఆ సంవత్సరం బతుకమ్మ చీరల పంపిణీ జరుగలేదు. 2025లో స్వయం సహాయక సంఘాల మహిళలకు చీరల తయారీ సిరిసిల్లకు అప్పగించబడినది. వాటి పంపిణీ అదే సంవత్సరం నవంబరు 19న మొదలైనది.

కుటుంబాల పొదుపు

2017లో ప్రకటించిన 'నేతన్నకు చేయూత' పథకంలో మరమగ్గాల కార్మికులు తమ కూలిలో 8 శాతం పొదుపు చేస్తే, ప్రభుత్వం అంతే మొత్తం జమచేసేది. ఉదాహరణకు నెలకు 10,000 రూపాయలు సంపాదించే కార్మికుని వాటా 800 రూపాయలు. ప్రభుత్వ వాటాతో కలిపి మూడేళ్ళలో అసలు 57,600 రూపాయలు అవుతుంది. 2020లో కరోనా లాక్‌డౌన్ సమయంలో గడువుకు ముందే సొమ్ము తీసుకొనుటకు అనుమతించారు. పొదుపు కూలితో ముడిపడి ఉన్నందున, పని లేని నెలలలో కార్మికుని వాటా, ప్రభుత్వ వాటా రెండూ ఆగిపోతాయి.

మహిళలు బీడీలు చుట్టి తెచ్చే కూలి అనేక కుటుంబాలకు రెండవ ఆధారం. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు పంపే సొమ్ము మరొక ఆధారం.

పోలిక

ఒక పెద్ద కొనుగోలుదారు దూరమైనపుడు చిన్న ఆర్థిక వ్యవస్థ దెబ్బతినుటకు ఫిన్లాండ్ మరొక ఉదాహరణ. 1991లో సోవియట్ వర్తకం కూలిపోవుట, బ్యాంకుల సంక్షోభం మొదలైన కారణాల వలన ఆ దేశంలో 1990లో సుమారు 3 శాతం ఉన్న నిరుద్యోగం 1994 నాటికి 16 శాతం దాటినది. భవిష్యత్తుపై భయంతో అక్కడి కుటుంబాలు ఖర్చు తగ్గించి పొదుపు పెంచుకొన్నాయి. నిరుద్యోగ భృతి అక్కడ కొంత ఆసరా అయినది. సిరిసిల్ల కార్మికునికి అటువంటి భృతి లేదు. పని ఆగితే పొదుపు పెరుగుటకు బదులు కరిగిపోతుంది.