క్లోమ న్యూరోఎండోక్రైన్ కణితుల శ్రేణీకరణ

క్లోమ న్యూరోఎండోక్రైన్ కణితులు క్లోమములో హార్మోనులను స్రవించే కణాల వంటి కణాలతో ఏర్పడే అరుదైన కణితులు. ఇన్సులిన్, గ్లూకగాన్ మొదలైనవాటిని స్రవించే లాంగర్‌హాన్స్ పుటికల కణాలను ఇవి పోలి ఉంటాయి. సాధారణముగా క్లోమ కాన్సరు అని వ్యవహరించేది అడినోకార్సినోమా. అది వేరొక వ్యాధి. ఈ రెంటినీ ఒకటిగా భావించుట వలన రోగులు, వారి బంధువులు అనవసరముగా నిరాశ చెందుతున్నారు. ఆపిల్ సంస్థాపకులలో ఒకడైన స్టీవ్ జాబ్స్‌కు న్యూరోఎండోక్రైన్ కణితి ఉన్నట్లు 2003లో తెలిసినది. అతడు 2011 వరకు జీవించాడు.

== శ్రేణి, దశ ==
ఈ రెండు మాటలను ఒకదాని బదులు మరొకటి వాడుట తరచుగా జరిగే పొరపాటు. కణితి ఎంత పెద్దది, శోషరస గ్రంథులకు గాని కాలేయమునకు గాని వ్యాపించినదా అన్నది దశ. కణాలు ఎంత వేగముగా విభజన చెందుచున్నవో తెలిపేది శ్రేణి. చిన్న కణితికి పెద్ద శ్రేణి ఉండవచ్చును. కాలేయమునకు వ్యాపించిన కణితి మొదటి శ్రేణిదే కావచ్చును.

== కొలిచే విధానము ==
పెథాలజిస్టు సూక్ష్మదర్శినిలో రెండు చదరపు మిల్లీమీటర్ల వైశాల్యములో విభజన చెందుచున్న కణాలను లెక్కిస్తాడు. రెండవ కొలత కీ-67 సూచిక. కీ-67 అనునది విభజన చక్రములో ఉన్న కణాల కేంద్రకములో కనిపించే ప్రోటీను. జర్మనీలోని కీల్ నగరములో కనుగొనబడినందున దానికి ఆ పేరు వచ్చినది. 67 అనునది ప్రయోగ పలకలోని గుంట సంఖ్య. రంగు ఎక్కువగా పట్టిన చోట కనీసము 500 కణాలను లెక్కించి, రంగు పట్టినవి ఎంత శాతమో చెబుతారు.

కీ-67 3 శాతము కంటె తక్కువ, విభజనలు 2 కంటె తక్కువ ఉంటే జి1. సూచిక 3 నుండి 20 శాతము, విభజనలు 2 నుండి 20 వరకు ఉంటే జి2. ఏదైనను 20 దాటితే జి3. రెండు కొలతలు వేర్వేరు శ్రేణులను చూపితే పెద్ద శ్రేణినే తీసుకుంటారు.

== జి3 లోని రెండు వ్యాధులు ==
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 వర్గీకరణలో 20 శాతము దాటినవన్నీ కార్సినోమాలే. కాని వాటిలో కొన్నింటి కణాలు సహజ కణాల రూపమును చాలావరకు నిలుపుకొని ఉంటాయి; మిగిలినవి ఆ రూపమును పూర్తిగా కోల్పోతాయి. జీర్ణాశయ సంబంధమైన ఇటువంటి కాన్సర్లు ముదిరిన రోగులపై నార్డిక్ దేశాలలో జరిగిన అధ్యయనము 2013లో ప్రచురింపబడినది. కీ-67 55 శాతము కంటె తక్కువ ఉన్నవారిలో ప్లాటినం మందులకు కణితి తగ్గుట అరుదు. అయినప్పటికీ వారే ఎక్కువ కాలము జీవించారు. ఈ ఫలితము చదివినవారికి మొదట ఆశ్చర్యము కలుగుతుంది. నెమ్మదిగా పెరిగే కణితిపై, వేగముగా విభజన చెందే కణాలను చంపే మందు అంతగా పనిచేయదు.

2017లో క్లోమమునకు, 2019లో మొత్తము జీర్ణవ్యవస్థకు ఈ రెంటినీ వేరుచేశారు. జి3 కణితి వేరు, కార్సినోమా వేరు. మొదటి రకములో మెన్-1, డాక్స్, ఏటీఆర్ఎక్స్ జన్యువులలోను, రెండవ దానిలో టీపీ-53, ఆర్‌బీ-1 జన్యువులలోను మార్పులు కనిపిస్తాయి. కనుక 2017కు ముందటి నివేదికలో జి3 అని ఉంటే, ఆ స్లైడులను మరల చూపించుట మంచిది.

== రోగ పరిణామము ==
మన ఆయుర్వేద పరిభాషలో సాధ్యాసాధ్యత అనదగిన ఈ అంచనాకు శ్రేణి, దశ రెండూ కావలెను. అమెరికా గణాంకాల ప్రకారము కణితి క్లోమము దాటనివారిలో తొంభై శాతమునకు పైగా అయిదేళ్ళు జీవిస్తుండగా, దూర అవయవాలకు వ్యాపించినవారిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే జీవిస్తున్నారు. ఇవి అన్ని శ్రేణులను కలిపిన లెక్కలు; ఒక వ్యక్తికి నేరుగా వర్తింపచేయరాదు.

హార్మోను లక్షణాలు లేని, రెండు సెంటీమీటర్ల కంటె చిన్నవైన జి1 కణితులను శస్త్రచికిత్స లేకుండ స్కానులతో గమనించుటయు ఉన్నది. వ్యాపించిన జి2, జి3 కణితులపై లుటీషియం-177 అను రేడియోధార్మిక మందును తొలి చికిత్సగా వాడిన నెట్టర్-2 పరీక్ష ఫలితములు 2024లో వెలువడినవి. వ్యాధి పెరగని కాలము 8.5 నెలల నుండి 22.8 నెలలకు పెరిగినది. ఇందులో కీ-67 10 నుండి 55 శాతము ఉన్నవారినే తీసుకొన్నారు. కార్సినోమాకు మాత్రము ప్లాటినం మందులే ముఖ్యము.

సూదితో తీసిన ముక్కలో వేగముగా పెరిగే భాగము రాకపోతే శ్రేణి తక్కువగా కనిపించవచ్చును. కాలేయములోని కణితి శ్రేణి క్లోమములోని దానికంటె ఎక్కువ ఉండుట కూడ కద్దు. అందువలన వ్యాధి నడక హఠాత్తుగా మారినపుడు మరల బయాప్సీ చేస్తారు.