రాతిమీద అంకె

మా వూళ్ళో చావడి గోడలో ఒక చలవరాయి వుంది. చిన్నప్పుడు దానిమీద బొగ్గుతో మూడు గీతలు గీసి, అవే వికెట్లనుకుని క్రికెట్టు ఆడేవాళ్ళం. రాతిమీద ఇంగ్లీషులో ఏదో రాసి వుందని తెలుసుగాని, చదివే తీరిక ఎవడికుంది? హవల్దారు బాబాయి ఒక్కడే అటు వచ్చినప్పుడల్లా ఆగి, భుజంమీది తువ్వాలుతో మా వికెట్లు తుడిచేసి పోయేవాడు. మేం మళ్ళీ గీసేవాళ్ళం. ఆయన మళ్ళీ తుడిచేవాడు. ఒక్కనాడూ తిట్టలేదు. మిలటరీవాడికి కోపం రాకపోవడమేమిటా అని మాకు మహా ఆశ్చర్యంగా వుండేది.

ఆ రాతిమీద వున్నది రెండే ముక్కలు. 1914-1919 మహాయుద్ధానికి ఈ గ్రామం నుంచి పందొమ్మిదిమంది వెళ్ళారు. వాళ్ళల్లో ముగ్గురు ప్రాణాలు అర్పించారు. అంతే. వెళ్ళినవాళ్ళ పేర్లు లేవు, పోయినవాళ్ళ పేర్లూ లేవు. యుద్ధం అయ్యాక తెల్లదొరల ప్రభుత్వం దేశమంతటా ఎన్నో పల్లెల్లో ఇలాంటి రాళ్ళు పెట్టించింది. మూస ఒకటే, అంకెలు వేరు. ధాన్యం బస్తాలు లెక్కరాసినట్టు వుంటుంది.

తెలుగువాళ్ళకి సైన్యమేమిటి, మనం పద్యాలవాళ్ళం, పప్పన్నంవాళ్ళం అనుకోవడం మనకో అలవాటైపోయింది. నిజానికి ఉత్తరాదిలో సిపాయి అనే మాటకి ఒకప్పుడు మన పేరే పెట్టుకున్నారు! 1757లో ప్లాసీ యుద్ధానికి ముందు క్లైవు మద్రాసు నుంచి ఓడల్లో బెంగాలుకి తీసుకుపోయిన పటాలాల్లో తెలుగువాళ్ళున్నారు. అక్కడి జనం వాళ్ళని 'తిలంగాలు' అన్నారు. తరవాత తరవాత ఎర్రకోటు తొడిగిన ప్రతివాడూ, వాడు అవధ్ వాడు కానీ బీహారీ కానీ, తిలంగాయే అయిపోయాడు. నూరేళ్ళ తరవాత 1857లో తిరగబడి ఢిల్లీ చేరిన సిపాయిలనికూడా ఆ వూరివాళ్ళు తిలంగాలనే పిలిచారు. వాళ్ళలో తెలుగు ముక్క వచ్చినవాడు ఒక్కడైనా వున్నాడో లేదో!

తిరగబడ్డం కూడా మనవాళ్ళకి కొత్తేమీ కాదు. 1780 అక్టోబరులో, హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు రమ్మంటే, విశాఖపట్నంలోని సిపాయిలు ఎక్కమన్నారు, తుపాకులు అధికారుల మీదికే తిప్పారు. 1857 ఇంకా డెబ్భయ్యేడేళ్ళ దూరాన వుంది.

తరవాత రోజుల్లో దొరలకి ఒక శాస్త్రం పుట్టింది. ఫలానా జాతులవాళ్ళే యోధులు, దక్షిణాదివాళ్ళు మెత్తనివాళ్ళు అన్నారు. మద్రాసు పటాలాల్ని కత్తిరిస్తూ వచ్చారు. తీరా 1914 వచ్చేసరికి ఈ మెత్తనివాళ్ళే కావలసి వచ్చారు. ఆ నవంబరులో తూర్పు ఆఫ్రికాలో టాంగా అనే రేవు మీదికి పంపిన సేనలో మద్రాసు పయొనీర్లున్నారు. అక్కడ జర్మన్ల గుళ్ళు చాలనట్టు తేనెటీగలుకూడా కమ్ముకున్నాయి. ఇంగ్లీషువాళ్ళు దానికి తేనెటీగల యుద్ధమని పేరుపెట్టి ఇప్పటికీ చెప్పుకుంటారు. మరికొందరు మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వెళ్ళారు. యుద్ధం అయిపోగానే, 1920ల్లో, ఖర్చు తగ్గించాలని మద్రాసు రెజిమెంటునే ఎత్తేశారు. రెండో యుద్ధం వచ్చాక మళ్ళీ పిలిచి నిలబెట్టారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి తొంభైమంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని ఆ వూరివాళ్ళు చెప్పుకునే లెక్క. మెత్తనితనం అలా వుంది!

సరే, రాతి సంగతికి వస్తాను.

పేరు లేకపోవడం బాబాయిని ఎందుకంత బాధించిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆయన 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దుకి వెళ్ళి, పక్కనున్నవాణ్ణి పోగొట్టుకుని, తాను తిరిగొచ్చినవాడు. ఆ సంగతి ఎవరడిగినా చెప్పడు. ఒక్కసారి మాత్రం, కారెంపూడి తిరనాళ్ళకి వెళ్ళొచ్చాక నాతో అన్నాడు: "ఒరేయ్, పల్నాటి యుద్ధమయి ఎన్నేళ్ళయిందిరా?"

ఎనిమిదివందలేళ్ళు పైనే అన్నాను.

"అయినా ఒక్కొక్కడి పేరూ పిలుస్తున్నారు. మనూరి రాయి వయసు వందేళ్ళు. ఒక్కడి పేరూ తెలీదు."

కార్తీక అమావాస్య నాడు మొదలుపెట్టి అయిదురోజులపాటు కారెంపూడిలో వీరులకి ఉత్సవం చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకో పేరు. వీరుల ఆయుధాలు మోసుకొస్తారు. మన పల్లెల్లో పాత వీరగల్లులు చూడండి. పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిన అనామకుడికి కూడా, ఫలానావాడి కొడుకు ఫలానావాడు అని చెక్కినవి ఎన్నో వున్నాయి. రాజుగారి శాసనంతో సమానంగా వాడికీ ఒక రాయి!

ఇరాక్‌లో బస్రా దగ్గర మొదటి యుద్ధపు స్మారకం ఒకటుంది. నలభైవేలమందికి పైగా సైనికుల కోసం కట్టింది. అందులో తెల్లసైనికుల పేర్లు చెక్కారు. మనవాళ్ళలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, మామూలు సిపాయిల దగ్గరికి వచ్చేసరికి ఫలానా పటాలం, ఇంతమంది అని అంకె వేసి వూరుకున్నారు. చోటు చాలకనా? కాదు. ఈ తేడా జరిగిందని ఆ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ కమిషన్‌వారే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో అలా కాదు, పాతికవేల పైచిలుకు పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు. కాకపోతే అది స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్ళది. మా ముగ్గురూ అందులో చేరరు.

ఆ కమిషన్‌వారి దగ్గర రాళ్ళమీద లేని పేర్లుకూడా రిజిస్టర్లలో వున్నాయి. ఇప్పుడవి కంప్యూటరులో దొరుకుతాయి. బాబాయి మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని నెలరోజులు వెతికించాడు. పశ్చిమగోదావరి అని కొడితే ఏమీ రాలేదు. రాదు మరి! ఆ జిల్లా పుట్టిందే 1925లో. అంతకు ముందు ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో వుండేది. ఈ సంగతి నేను చెప్పిన రోజున బాబాయి నాకేసి చూసిన చూపు, పాతికేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినందుకు నాకు దక్కిన ఏకైక బహుమతి. కృష్ణా అని కొట్టి, మా వూరిపేరుని ఇంగ్లీషు గుమాస్తా ఎన్నిరకాలుగా ఖూనీ చెయ్యగలడో అన్నిరకాలుగానూ రాయించాక, ఇద్దరు దొరికారు. ఇంటిపేర్లు లేవు. తండ్రిపేరు, వూరు, నంబరు, పోయిన తేదీ వున్నాయి. ఒకడు ఇరాక్‌లో పోయాడు, ఒకడు తిరిగొచ్చే దారిలో జబ్బుచేసి పోయాడు. మూడోవాడు ఎంత వెతికినా దొరకలేదు.

మొన్నటి ఆగస్టు పదిహేనున హైస్కూల్లో బాబాయికి సన్మానం తలపెట్టారు. ముందు ససేమిరా అన్నాడు. "నాకు శాలువా దేనికిరా? నేను తిరిగొచ్చానుగా!" చివరికి, చావడి దగ్గర చేస్తేనే వస్తానన్నాడు. అలాగే చేశారు. శాలువా కప్పారు, దండ వేశారు, సర్పంచిగారు పావుగంట మాట్లాడారు. బాబాయి వంతు వచ్చింది. జేబులోంచి కాగితం తీసి, అటెన్షన్‌లో నిలబడి, రెండు పేర్లు చదివాడు, తండ్రుల పేర్లతోసహా. మూడో పేరు దగ్గర ఆగాడు. ఒక నిమిషం పాటు ఏమీ అనలేదు. అయిపోయిందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టబోతే, మేష్టారు ఆపారు.

జనం పలచబడ్డాక, వూరి చివర పేటనుంచి ఒక ముసలమ్మ కర్ర వూతంతో వచ్చింది. "బాబూ, మా నాయనమ్మకి ఒక అన్న వుండేవాడంట. రంగం ఎల్లి మళ్ళీ రాలేదంట. ఆడేమన్నా అవుతాడా?" అంది.

ఆ రోజుల్లో వూరొదిలి వెళ్ళిన ప్రతివాడూ రంగమే వెళ్ళాడని చెప్పుకునేవారు. బియ్యం మిల్లులో కూలికి పోయాడో, పటాలంలో పోయాడో ఎవరు చెప్పగలరు? నేను ఆ మాటే అనబోయాను. బాబాయి నాకేసి చూడకుండా, ముసలమ్మని తన కుర్చీలో కూచోబెట్టి, పెన్సిలు తీశాడు.

"పేరు చెప్పమ్మా," అన్నాడు.

చెప్పింది. కాగితం మీద మూడో వరసలో ఆ పేరు రాసుకుని, పక్కన చిన్న ప్రశ్నగుర్తు పెట్టాడు. "వాళ్ళ నాయన పేరు?"