70 దాటిన అమ్మానాన్నలకు ‘ఉచిత’ ఆరోగ్య బీమా.. మీ జేబులోంచి పోయేది ఏమిటి?

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉన్న అమ్మానాన్నలకు 70 ఏళ్లు నిండాయా? అయితే వారు ఆయుష్మాన్ వయ వందన కార్డుకు అర్హులు. 2024 అక్టోబరు 29న మొదలైన ఈ పథకంలో ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స నగదు లేకుండా అందుతుంది. ప్రీమియం కట్టక్కర్లేదు, ఆదాయ పరిమితి లేదు. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఇంతవరకు ఉచితమే. ఖర్చు ఎక్కడ మొదలవుతుందో ముందే తెలుసుకుంటే, ఆసుపత్రి కౌంటర్ దగ్గర కంగారు పడక్కర్లేదు.

రూ.5 లక్షలు ఒక్కొక్కరికి కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ మొత్తం కుటుంబంలో 70 దాటిన వారందరికీ కలిపి. ఉదాహరణకు నాన్నకు 74, అమ్మకు 71 అనుకోండి. నాన్న గుండె చికిత్సకు రూ.3.2 లక్షలు అయితే, ఆ ఏడాది అమ్మకు మిగిలేది రూ.1.8 లక్షలే. అదే అమ్మకు 68 ఏళ్లయితే ఇందులో ఆమెకు వాటా ఉండదు. వయసు లెక్కకు ఆధారే ఆధారం! ఊళ్లో పెద్దలకు అసలు వయసు ఒకటి, కార్డులో ఉన్నది మరొకటి కావడం మామూలే. పుట్టిన తేదీ తప్పుగా ఉంటే అవసరం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే సరిచేయించండి.

మీ కుటుంబం ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉంటే ఈ లెక్క కాస్త తేలికవుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఈ పేరుతో నడుస్తున్న రాష్ట్ర పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి రూ.25 లక్షలకు పెంచారు. ఏడాదికి రూ.5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. అమ్మ వయసు 68 అయినా ఇబ్బంది లేదు.

కార్డు కట్టనివి

ఆసుపత్రిలో చేరితేనే కార్డు పనిచేస్తుంది. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలు, ఓపీ ఫీజు, చేరకుండా చేయించే స్కానింగ్.. ఇవన్నీ మీవే. వయసు మళ్లిన ఇంట్లో ఏడాది పొడవునా డబ్బు పోయేది వీటికే. బీపీ, షుగర్ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. కొల్లేరు లంకల్లో ఉండేవారు ఊరికి వచ్చే 104 సంచార వైద్య వాహనాన్ని వదులుకోవద్దు. నెలకోసారి మాత్రల కోసం పట్నం వెళ్లిరావడానికి అయ్యే ఆటో, బస్సు ఛార్జీలే కొన్నిసార్లు మందుల ధరను మించిపోతాయి.

ప్యాకేజీ సాధారణ వార్డుకే. రోగి వెంట ఉండేవారి భోజనం, బస మీ ఖర్చే. ఏలూరు నుంచి విజయవాడ 60 కిలోమీటర్లే అయినా, పది రోజులు అక్కడే ఉండాల్సి వస్తే చేతిలో డబ్బు లేకుండా కుదరదు. కూలికి వెళ్లే కొడుకో కూతురో పక్కన కూర్చుంటే ఆ పది రోజుల కూలీ కూడా పోయినట్టే. దాన్ని ఏ పథకమూ లెక్కలోకి తీసుకోదు.

ఇక చాలామంది అడగకుండా వదిలేసేది ఒకటుంది. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా ఆయుష్మాన్ ప్యాకేజీలోనే ఉంటాయి. రసీదు ఇచ్చి బయట కొనుక్కోమంటే వైద్యమిత్ర కౌంటర్‌లో అడగండి. అడ్వాన్సు కట్టమన్నా అంతే. తేలకపోతే 14555కు గానీ, రాష్ట్ర పథకమైతే 104కు గానీ ఫోన్ చేయండి.

బయల్దేరే ముందు కూడా ఒక ఫోన్ చేయాలి. ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా, మీకు కావాల్సిన విభాగం ఉందా, ఇవాళ కేసులు తీసుకుంటున్నారా? 2025 అక్టోబరులో బకాయిల కోసం రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేశాయి. అలాంటప్పుడు చేతిలో కార్డున్నా నగదే కట్టాల్సి వస్తుంది.

పాత పాలసీ మానేయాలా?

తొందరపడొద్దు. ప్రైవేటు బీమా ఉన్నవారికీ వయ వందన కార్డు ఇస్తారు. మీరు నమ్మే ఆసుపత్రి ఆయుష్మాన్‌లో లేకపోతే పాత పాలసీయే దిక్కు. పైగా మానేసి మళ్లీ కొంటే వెయిటింగ్ పీరియడ్ మొదటికొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు. సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ముందస్తు సంప్రదింపులు లేకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచొద్దని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల సంగతి వేరు. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్‌లో ఉన్నవారు పాతదో కొత్తదో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఆ రెండింటిలో ఓపీ, మందులు కూడా వస్తాయి కాబట్టి, ఉచితం కదా అని మారితే నష్టపోయేది ఎక్కువమందే.

కార్డు ఎలా?

ఆయుష్మాన్ యాప్‌లో మీ ఫోన్ నుంచే ఆధార్ ఈ-కేవైసీతో తీసుకోవచ్చు. ఏళ్ల తరబడి వలలు లాగిన చేతులకు వేలిముద్రలు పడకపోతే ఓటీపీ, కంటిపాప, ముఖ గుర్తింపు మార్గాలున్నాయి. ఓటీపీ కావాలంటే ఆధార్‌కు లింకైన నంబరు పనిచేస్తుండాలి. అమ్మ ఆధార్‌కు ఏ నంబరు ఇచ్చారో ఈ వారం ఊరెళ్లినప్పుడు ఒకసారి చూడండి.