అపలాచియన్ కొండల తొలి ఆకుకూర

మార్చి చివరికి అమెరికాలోని అపలాచియన్ కొండల మీద చలి విరుగుతుంది. చెట్లు ఇంకా చిగురించవు. మేపుల్, బీచ్ చెట్ల కింద తేమ ఆరని వాలుల్లో మాత్రం నేల పచ్చగా పరుచుకుంటుంది. ఆ పచ్చదనమే ర్యాంప్ అనే అడవి ఉల్లి. పైన కొమ్మలు ఆకు తొడిగి ఎండను అడ్డుకునేలోపే అది ఏడాదికి సరిపడా సత్తువ గడ్డలో దాచుకోవాలి. వేసవి మొదలయ్యేసరికి ఆకులు పండి రాలిపోతాయి, ఆ తరువాత ఒంటికాడ మీద తెల్లపూలు పూస్తాయి.

ఈ కొండల్లో దీన్ని మొదట ఎరిగినవారు చెరోకీలు, ఇతర ఆదివాసులు. స్కాట్లండ్, ఐర్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లూ త్వరగానే అలవాటు పడ్డారు. చలికాలమంతా ఉప్పు వేసి నిలవచేసిన పంది మాంసం, ఎండు చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెతో నెట్టుకొచ్చిన ఇళ్లకు ఇదే తొలి పచ్చికూర. తింటే రక్తం శుభ్రపడుతుందని, ఒంట్లో నీరసం వదులుతుందని పెద్దవాళ్లు నమ్మేవారు. అది ఉత్త నమ్మకం కాదు. నెలల తరబడి ఆకుకూర ఎరగని ఒంటికి ఈ ఆకుల్లోని సి విటమిన్ ఎంతో అవసరం.

చిక్కల్లా వాసనతోనే. పచ్చిగా తింటే ఆ ఘాటు నోటినీ ఒంటినీ ఒక పట్టాన వదలదు. ర్యాంప్ తిని బడికి వచ్చిన పిల్లల్ని టీచర్లు ఇంటికి పంపేసేవారు. ఊళ్లో అది పేదరికం వాసన, కొండవాళ్ల వాసన.

ఆ చిన్నచూపును కొండవాళ్లే తిప్పికొట్టారు. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో 1930లలోనే ర్యాంప్ విందు మొదలైంది. టెనెస్సీలోని కాస్బీలో 1954లో జాతర పెట్టారు, మరుసటి ఏడాదే మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ దానికి వచ్చాడు. రిచ్‌వుడ్‌లో పత్రిక నడిపిన జిమ్ కామ్‌స్టాక్ ఒక సంచికను ర్యాంప్ రసం కలిపిన సిరాతో అచ్చువేశాడు. ఆ కంపు భరించలేక తపాలా శాఖ, ఇంకెప్పుడూ అలా చేయనని అతనితో మాట తీసుకుంది.

ఇప్పటికీ వసంతం వస్తే చర్చిలు, ఊరి అగ్నిమాపక దళాలు విరాళాల కోసం ర్యాంప్ భోజనాలు పెడతాయి. వంట తేలికే. ఆకుల్నీ గడ్డల్నీ మట్టి పోయేదాకా కడిగి, తరిగి, పంది కొవ్వులో వేస్తారు. పలచటి ఆకు క్షణాల్లో వడిలిపోతుంది కాబట్టి గడ్డలు మెత్తబడ్డాకే దాన్ని వేయాలి. అందులో బంగాళాదుంపలు వేయించడమో, గుడ్లు కొట్టి పోయడమో చేస్తారు. పక్కన పింటో చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. వేడి తగిలితే ఘాటు తగ్గి తీపి తేలుతుంది.

కోసేటప్పుడే కళ్లు తెరిచి ఉండాలి. ర్యాంప్‌కు నున్నటి వెడల్పాటి ఆకులు రెండో మూడో ఉంటాయి, చాలావాటి కాడకు ఊదా ఎరుపు జీర ఉంటుంది, అడుగున చిన్న తెల్ల గడ్డ ఉంటుంది. అదే రుతువులో లిల్లీ ఆఫ్ ద వ్యాలీ, ఫాల్స్ హెలబోర్ కూడా మొలుస్తాయి. రెండూ విషమే. మొదటిదానికి గడ్డ ఉండదు, నేలలో అడ్డంగా పాకే దుంపవేరు ఉంటుంది. రెండోదాని ఆకుల మీద నిలువునా లోతైన మడతలుంటాయి. వాసన చూస్తే తెలిసిపోతుందంటారు గానీ, పది మొక్కలు కోశాక చేతులే ఉల్లి వాసన కొడతాయి, పదకొండోది ఏదైనా ర్యాంప్‌లాగే అనిపిస్తుంది. ప్రతి మొక్కనూ ఆకు నుంచి గడ్డ దాకా చూడాల్సిందే.

ఈ మెలకువ మన దగ్గరా అవసరమే. తెలుగు నేలల్లో నక్కవుల్లి, అడవి ఉల్లి అని పిలిచే గడ్డ చూపుకు ఉల్లిలాగే ఉంటుంది, కానీ అది లిల్లీ ఆఫ్ ద వ్యాలీ కుటుంబానిది. రెండింటిలోనూ గుండె లయను దెబ్బతీసే విషపదార్థాలున్నాయి.

గత కొన్ని దశాబ్దాల్లో పెద్ద నగరాల హోటళ్లు ర్యాంప్ మీద మోజు పడ్డాయి. ధర పెరిగింది, గడ్డలతో సహా తవ్వి బస్తాలకెత్తడం పెరిగింది. విత్తనం మొలవడానికే ఆరు నుంచి పద్దెనిమిది నెలలు పట్టొచ్చు, పూతకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అలాంటి మొక్క ఈ దోపిడీని తట్టుకోలేదు. కెనడాలోని క్విబెక్ 1995లో అమ్మకాన్ని నిషేధించి, మనిషికి ఏడాదికి 50 గడ్డలు మించకూడదంది. అపలాచియన్ కొండల్లోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కు 2000ల మొదట్లో కోతను పూర్తిగా ఆపేసింది. ఓ గుబురులో పదేళ్లకు ఒకసారి, అదీ పదోవంతు మించకుండా తవ్వితేనే అది నిలుస్తుందని అక్కడి పరిశోధకులు తేల్చారు.

ఆ నిషేధం తరతరాలుగా అక్కడ కోసుకుంటున్న చెరోకీలకూ తగిలింది. వేళ్లు నేలలోనే ఉండేలా పైభాగాన్ని కోసుకోవడం వాళ్ల పద్ధతి. మొక్కను బతికించే కోత అదే. అమెరికాలో ఆ కొండల వైపు వెళ్లే తెలుగువారు ముందు కోతకు అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి. ఉంటే మొక్కకు ఒక్క ఆకే కోసుకోండి, గడ్డ జోలికి పోకండి.