పట్టభద్రుడైన విద్యార్థి – విశ్వవిద్యాలయ పాలనలో అతని స్థానము

విశ్వవిద్యాలయమనగానే మనకు ముందుగా స్ఫురించునవి రెండు వర్గములు: చదువు చెప్పు ఆచార్యులు, చదువుకొను విద్యార్థులు. ఈ రెంటి నడుమ మూడవవాడొకడు కలడు. ఒక పట్టము పుచ్చుకొనియు చదువు చాలింపక, పై పట్టమునకై గ్రంథాలయములోను ప్రయోగశాలలోను ఏండ్లు గడపువాడు. ఉదయము ఆచార్యుని యెదుట శిష్యుడై కూర్చుండును. మధ్యాహ్నము చిన్న తరగతులవారికి తానే ప్రయోగములు చేయించును. ఇతనినే స్నాతకోత్తర విద్యార్థి యనియు, పరిశోధక విద్యార్థి యనియు వ్యవహరించుచున్నాము. నేడు మన యిండ్లలో పలువురి కుమారులు, కుమార్తెలు ఈ స్థితిలోనే యున్నారు. వారికిచ్చు విద్యార్థివేతనమెంత, సిద్ధాంతవ్యాసమునకు గడువెంత, పర్యవేక్షకుడెవరు, వసతిగృహములో ఎన్నాళ్లుండవచ్చును అను విషయములను నిర్ణయించు సభలలో వారి పక్షమున పలుకువారెవరు? ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. విశ్వవిద్యాలయములతోపాటు పుట్టినది. దాని చరిత్రను ఒకమారు తిరిగి చూచినచో, నేడు మన మేమి పోగొట్టుకొంటిమో, ఏమి తిరిగి సంపాదింపవలెనో తేటపడును.

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయము 1088వ సంవత్సరమును తన ఆవిర్భావ సంవత్సరముగా చెప్పుకొనును. అచ్చట ముఖ్యవిద్య న్యాయశాస్త్రము. దూరదేశములనుండి ఆల్ప్స్ పర్వతములు దాటి వచ్చిన ఆ విద్యార్థులు పసివారు కారు. పలువురు అప్పటికే కొంత విద్య గడించి, చర్చిలో ఉద్యోగముల నార్జించినవారు. అయినను ఆ నగరమున వారు పరదేశీయులు. ఊరివారికుండు హక్కులు వారికి లేవు. అందుచే వారు సంఘములుగా నేర్పడిరి. ఆల్ప్స్ పర్వతముల కావలివారు ఒక సంఘము, ఈవలివారు ఒక సంఘము. యూనివర్సిటీ అను మాటకు ఆనాటి యర్థము ఇట్టి సంఘమే. భవనము కాదు, బోధన కాదు. ప్రతి సంఘమును రెక్టరు అను అధిపతిని ఎన్నుకొనెడిది. ఆ రెక్టరు ఆచార్యుడు కాడు, విద్యార్థియే. అయితే అతనికి 24 ఏండ్లు నిండియుండవలెను. 5 సంవత్సరములు న్యాయశాస్త్రమును చదివియుండవలెను. నేటి మన మాటలలో చెప్పవలెనన్న, అతడు పరిశోధక విద్యార్థి వయస్సువాడు.

ఆ సంఘముల అధికారము స్వల్పము కాదు. ఘంట మ్రోగుసరికి ఆచార్యుడు పాఠ మారంభింపవలెను. ముగింపు ఘంట వినబడగనే ఆపవలెను. గ్రంథములో ఏ భాగము ఏ దినమునకు పూర్తి కావలెనో ముందే నిర్ణయింపబడెడిది. కఠినమైన ఘట్టమును దాటవేసినచో జరిమానా. సాధారణ పాఠమునకు ఐదుగురైనను రాకున్నచో ఆచార్యుడు గైర్హాజరైనట్లే యెంచి జరిమానా. ఊరు విడిచి వెళ్లదలచినచో రెక్టరు అనుమతి పొంది, తిరిగివచ్చుటకు పూచీగా సొమ్ము కట్టవలెను. ఇంతటి బలము వారికెక్కడిది? ఆచార్యునకు ముట్టు రుసుములు వారి చేతిలోనివి. అంతకుమించి, కోపము వచ్చినచో మూటాముల్లె సర్దుకొని వేరొక నగరమునకు తరలిపోగల స్వేచ్ఛ వారిది. 1222లో అట్లు కొందరు తరలిపోయినందుననే పాడువా విశ్వవిద్యాలయము వెలసినది.

ఇచ్చట మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఇన్ని అధికారములున్న ఆ విద్యార్థులకు పరీక్షలపై మాత్రము అధికారము లేదు. ఎవడు పట్టమునకు అర్హుడో తేల్చునది ఆచార్యుల మండలియే. పాలన విద్యార్థులది, యోగ్యతానిర్ణయము గురువులది. ఈ విభజన తరువాతి కథలోను మనకు మరల కనబడును.

పారిస్ నగరము మార్గము వేరు. అక్కడ సంఘము విద్యార్థులది కాదు, గురువులది. అయినను ఆ గురువులెవరో విచారించినచో మన విషయమే యెదురగును. 1215లో పోపు ప్రతినిధి రాబర్ట్ ద కూర్సోన్ చేసిన నిబంధనల ప్రకారము, 21 ఏండ్లు నిండి, 6 సంవత్సరములు పాఠములు వినినవాడు కళాశాస్త్రములు బోధింపవచ్చును. వేదాంతవిద్య, అనగా క్రైస్తవ ధర్మశాస్త్రము, బోధించుటకు 35 ఏండ్లు నిండవలెను. ఈ రెంటి నడుమ ఎంత కాలము! ఆ కాలములో కళాశాస్త్రగురువులు పలువురు ఒక చేత పిన్నలకు తర్కము బోధించుచు, మరొక చేత ధర్మశాస్త్రమో, వైద్యమో, న్యాయమో అభ్యసించెడివారు. ఒకచోట గురువు, మరొకచోట శిష్యుడు. వీరే ఫ్రెంచి, పికార్డు, నార్మను, ఇంగ్లీషు అను నాలుగు దేశీయ సంఘములుగా నేర్పడి రెక్టరును ఎన్నుకొనిరి. కాలక్రమమున ఆ రెక్టరే పారిస్ విశ్వవిద్యాలయమంతటికిని అధిపతి యయ్యెను. బొలోన్యాలోను, పారిస్‌లోను రూపములు వేరైనను సారమొకటే: చదువు పూర్తికాని, చదువు రానివాడును కాని ఆ నడిమివాడే విశ్వవిద్యాలయమును నడపెను.

ఆ స్థానము ఎట్లు చేజారినది? బొలోన్యాలో 13వ శతాబ్ది చివరినుండి నగరమే ఆచార్యులకు జీతములిచ్చుట ప్రారంభించెను. జీతమిచ్చువాడే యజమాని గదా! రుసుములతో వచ్చిన అధికారము రుసుములతోనే క్షీణించెను. ఫ్రాన్సులో రాజశక్తి ప్రబలెను. 1446లో ఏడవ ఛార్లెస్ రాజు పారిస్ విశ్వవిద్యాలయమును అక్కడి పార్లమెంటు న్యాయస్థానము అధికారమునకు లోబరచెను. 1793లో విప్లవ ప్రభుత్వము ఫ్రాన్సులోని విశ్వవిద్యాలయములనే రద్దు చేసెను.

19వ శతాబ్దిలో పట్టభద్రుడైన విద్యార్థి క్రొత్త వేషములో మరల వచ్చెను. 1810లో బెర్లినులో స్థాపితమైన విశ్వవిద్యాలయము బోధనకు పరిశోధనను జోడించెను. ఆ జర్మను పద్ధతిని చూచి అమెరికాలో యేల్ సంస్థ 1861లో ఆ దేశపు మొదటి డాక్టరు పట్టములనిచ్చెను. 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము పరిశోధననే ప్రధానధ్యేయముగా తెరచెను. జ్ఞానవృద్ధికి ఇది గొప్ప మార్పు. కాని విద్యార్థి స్థితి మారినది. బొలోన్యా విద్యార్థి ఒక సంఘములో సభ్యుడు. క్రొత్త పరిశోధకుడు ఒక ఆచార్యుని చేతిక్రింది శిష్యుడు. అతని భవిష్యత్తు ఒక్కరి సంతకముపై ఆధారపడెను. అతడు అలిగి వేరొక ఊరికి పోయినచో విశ్వవిద్యాలయము వెలయదు. అతని యేండ్ల శ్రమయే వ్యర్థమగును.

మన దేశమునకు వత్తము. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయమును చూచి ఏర్పడినవి. అవి పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థలే గాని పాఠములు చెప్పు సంస్థలు కావు. వాటి సెనేటులో ఫెలోలను ప్రభుత్వము నియమించెడిది. 1904లో భారత విశ్వవిద్యాలయముల చట్టము వచ్చినపుడు, రిజిస్టరులో పేరు నమోదు చేయించుకొన్న పట్టభద్రులు కొందరు ఫెలోలను ఎన్నుకొను హక్కు శాసనబద్ధమైనది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసి, కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ వైస్ ఛాన్సలరు అగునాటికి సెనేటు, సిండికేటు అను మాటలు తెలుగువారికి పరిచితములయ్యెను. పట్టభద్రునకు ఓటు అను భావము మన రాజ్యాంగమునకును ఎక్కినది. 171వ అధికరణము ప్రకారము రాష్ట్ర విధానపరిషత్తులో 12వ వంతు సభ్యులను పట్టభద్రులు ఎన్నుకొందురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిషత్తులలో నేటికిని ఈ స్థానములున్నవి.

ఈ యేర్పాటులో ఒక వింత కలదు. పట్టము పుచ్చుకొని న్యాయవాదియై, వర్తకుడై, వేరొక ఊర స్థిరపడినవానికి పట్టభద్రుడను పేర ప్రాతినిధ్యము దొరకెను. పట్టము పుచ్చుకొని అదే ఆవరణములో పరిశోధన సాగించువానికి, పరిశోధకుడను పేర ఏ ప్రాతినిధ్యమును లేకపోయెను. అతడు ఓటు వేసినను గడచిన చదువు బలిమిచే వేసెనే గాని నడచుచున్న చదువు బలిమిచే కాదు.

స్కాట్లండు దేశము పాత సంప్రదాయమును కొంత నిలుపుకొన్నది. 1858 నాటి చట్టము అక్కడి ప్రాచీన విశ్వవిద్యాలయములలో విద్యార్థులు రెక్టరును ఎన్నుకొను హక్కును స్థిరపరచెను. 1884లో ఎడింబరోలో విద్యార్థి ప్రతినిధి సభ యేర్పడెను. 1889 చట్టము ఇట్టి సభలను గుర్తించెను. విద్యార్థులు సాధారణముగా రాజకీయవేత్తలను, రచయితలను రెక్టర్లుగా ఎన్నుకొనెడివారు. 1972లో ఎడింబరో విద్యార్థులు తమలో ఒకనినే, అప్పుడే పట్టభద్రుడై పరిశోధన ప్రారంభించిన గార్డన్ బ్రౌన్ అను యువకుని, ఎన్నుకొనిరి. అతడు 1975 వరకు రెక్టరుగా ఉండి, విశ్వవిద్యాలయ కోర్టు అను పాలకసభకు అధ్యక్షత వహించెను. 2007లో బ్రిటను ప్రధానమంత్రి యైనది ఆయనయే.

20వ శతాబ్ది ఉత్తరార్ధములో పలు దేశములు ఈ ప్రశ్నను మరల చేపట్టినవి. ఫ్రాన్సులో 1968 మే నెల అలజడి తరువాత, విద్యామంత్రి ఎడ్గార్ ఫోర్ పేర ప్రసిద్ధమైన చట్టము విద్యార్థి ప్రతినిధులకు విశ్వవిద్యాలయ మండలులలో స్థానము కల్పించెను. పశ్చిమ జర్మనీలో ఆచార్యులు, సహాయకులు, విద్యార్థులు, ఇతర సిబ్బంది వర్గములవారీగా సభలలో కూర్చుండు పద్ధతి వచ్చెను. దానిపై వివాదము రేగగా, రాజ్యాంగ న్యాయస్థానము 1973 మే 29న తీర్పు చెప్పెను. వర్గముల ప్రాతినిధ్యము తప్పు కాదు. అయితే పరిశోధన, ఆచార్యుల నియామకము అను విషయములలో ఆచార్యుల మాటయే చెల్లవలెను. బొలోన్యాలోని పాత విభజన ఇచ్చట మరల పలికినదని మా తలంపు.

అమెరికాలో చర్చ మరొక దారి పట్టినది. పాఠములు చెప్పు పరిశోధకుడు విద్యార్థియా, ఉద్యోగియా? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఇట్టి సహాయబోధకులు 1966లో సంఘముగా నేర్పడి, 1970లో సమ్మె చేసి ఒడంబడిక సాధించిరి. ప్రైవేటు విశ్వవిద్యాలయముల విషయములో జాతీయ కార్మిక సంబంధముల బోర్డు 2000లో వారు ఉద్యోగులే యనెను, 2004లో కారనెను, 2016లో మరల ఔననెను. చట్టమే మూడుమారులు మాట మార్చవలసివచ్చినదన్న, ఆ నడిమివాని స్థితి ఎంత చిక్కైనదో ఊహింపవచ్చును.

మన దేశములో గజేంద్రగడ్కర్‌గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ పాలనపై నియమితమైన సంఘము 1971లో నివేదిక సమర్పించుచు విద్యార్థుల భాగస్వామ్యమును చర్చించెను. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రధానముగా స్నాతకోత్తర విద్యకు, పరిశోధనకు వెలసెను. పరిశోధకులు ఇట్లు పెరుగుచుండగా విద్యార్థి సంఘముల యెన్నికలపై లింగ్డో సంఘము చేసిన సిఫారసులను 2006లో సుప్రీంకోర్టు అమలుపరుపుమనెను. అందులో పోటీదారుల వయస్సునకు మేర యేర్పరచిరి: మొదటి పట్టపు విద్యార్థులకు 17 మొదలు 22 ఏండ్లు, స్నాతకోత్తరులకు 24, 25, పరిశోధకులకు 28. ఎన్నికలలో వృత్తి రాజకీయములు చొరబడకుండుటకు ఈ కట్టుబాటు ఉద్దేశింపబడినది. ఉద్దేశము మంచిదే. కాని ఇతర నియమములతో పోల్చి చూడుడు. పరిశోధనకు ఇచ్చు జూనియర్ ఫెలోషిప్పునకు వయోపరిమితి 2018లో 30 ఏండ్లకు పెంచబడినది. 2022 నాటి నిబంధనల ప్రకారము డాక్టరు పట్టమునకు 6 సంవత్సరముల వరకు గడువు. 25వ యేట చేరినవాడు 31వ యేట ముగింపవచ్చును. అనగా అతని పరిశోధనకాలములో సగముపాలు, అనుభవము పండిన సగముపాలు, పోటీ చేయు హక్కు లేకయే గడచును. ఒక్కొక్కచోట సడలింపు దొరకినను నియమము స్వభావమిట్టిది. బొలోన్యాలో వయస్సు చాలనివాడు ప్రతినిధిగా పనికిరాడు. మనయొద్ద వయస్సు మీరినవాడు పనికిరాడు.

విద్యార్థులు వచ్చిపోవువారు, వారికి పాలనలో పాలెందుకని కొందరందురు. రెండేండ్లలో వెళ్లిపోవువారి విషయములో ఈ మాటకు కొంత బలము గలదు. ఆరేండ్లుండి, పాఠములు చెప్పి, పత్రములు దిద్ది, ప్రయోగశాలలు నడుపువాని విషయములో దానికి బలము లేదు. తన సిద్ధాంతవ్యాసమును తానే మెచ్చుకొను అధికారము అతనికి ఎవరును ఇమ్మనుట లేదు. ఆ హద్దును 13వ శతాబ్దివారే గీసిరి. వేతనము, గడువు, వసతి, గ్రంథాలయము, పర్యవేక్షకునితో తగవు వచ్చినపుడు విచారణ – ఈ విషయములలో అతని మాట వినవలెనన్నదే ప్రశ్న. ఊరు విడిచిపోవు స్వేచ్ఛ పూర్వపు విద్యార్థికి బలము. ఆ స్వేచ్ఛ లేని నేటి పరిశోధకునకు సభలో ఒక పీట, దానిపై కూర్చుండి నిర్భయముగా పలుకుటకు రక్షణ – ఇవియే బలము. వీటిని సమకూర్చుట అతనికి చేయు ఉపకారము కాదు. విశ్వవిద్యాలయము తన పుట్టుకను తాను జ్ఞప్తికి తెచ్చుకొనుటయే.